ముట్టుకోకూడని పద్దెనిమిది లక్షలు

మధ్యతరగతి తెలుగు కుటుంబం డబ్బును ఎక్కడెక్కడ దాచుకుంటుందో, అక్కడ దాచినదేదీ బ్రిటన్ విద్యార్థి వీసాకు పనికిరాదని మా బావగారికి యాభై ఏడో ఏట తెలిసివచ్చింది. షాద్‌నగర్ దగ్గర ఎప్పుడో కొన్న ప్లాటు, అక్కయ్య బీరువాలోని బంగారం, ఇంకా పాట పాడని చీటీ, ప్రావిడెంట్ ఫండు, నాలుగైదు కంపెనీల షేర్లు, వీటన్నిటినీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుని వెళితే, ఆ దేశపు లెక్కలో ఇవేవీ డబ్బు కావని తేలింది. విద్యార్థి పేరనో, తల్లి లేదా తండ్రి పేరనో ఉన్న బ్యాంకు ఖాతాలో, అడిగిన వెంటనే చేతికందే విధంగా ఉన్నదే డబ్బు. అది కూడా ఒకనాడు కనిపించి మర్నాడు మాయమయ్యేది కాకూడదు. వరుసగా 28 రోజుల పాటు, ఏ ఒక్కరోజూ ఒక్క రూపాయి తగ్గకుండా, ఆ మొత్తం ఖాతాలో నిలిచి ఉండాలి. ఆ గడువు ముగిసిన 31 రోజులలోపే దరఖాస్తు పెట్టుకోవాలి.

మేనమామనైన నేనూ ఆ లెక్కలోకి రాను. పెళ్లినాడు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకువచ్చే హక్కు మన దేశంలో మేనమామకు ఉంది గాని, అదే మేనకోడలి చదువు కోసం తన ఖాతాలోని సొమ్ము చూపించే హక్కు వాళ్ల నిబంధనల్లో లేదు. నా ఖాతాలో నాలుగు లక్షలున్నాయని, కావలిస్తే చూపించుకోవచ్చని నేను ఉదారంగా ప్రకటించినప్పుడు, అమీర్‌పేటలోని కన్సల్టెన్సీ కుర్రవాడు, "మీ ఖాతాలో ఉంటే లెక్కలోకి రాదు అంకుల్, సార్ ఖాతాలోకి పంపించేస్తే వస్తుంది" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. చూపించడం వేరు, పంపించేయడం వేరు కనుక నా ఉదారతను అక్కడితో ఆపుకున్నాను.

మేనకోడలికి లీడ్స్ నగరంలో ఏడాది ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. ఫీజు 18,000 పౌండ్లు. డబ్బు కాని ఆ ప్లాటును అమ్మి, డబ్బుగా మార్చి, అందులోంచి 13,000 పౌండ్లు 2025 ఏప్రిల్ నెలలోనే యూనివర్సిటీకి కట్టేశారు. బ్యాంకులో విద్యా రుణం తీసుకుని కట్టి ఉంటే ఈ బెడద లేకపోయేది గాని, సొంత సొమ్ము పంపినందుకు, ఆ ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు 5 శాతం పన్ను ముందుగానే పట్టుకుంది. ఇరవై మూడు వేల పైచిలుకు సొమ్ము అలా పోయింది. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుందని తెలిసినా, ఆడిట్ శాఖలో ముప్పై ఏళ్లుగా ఇతరుల ఖర్చుల మీద అభ్యంతరాలు రాస్తూ వచ్చిన బావగారికి, తన ఖర్చు మీద మరొకరు చెయ్యి వేయడం చాలాకాలం మింగుడుపడలేదు.

ఇక చూపించవలసింది మిగిలిన ఫీజు 5,000 పౌండ్లు, దానితోపాటు జీవన వ్యయం. లండన్ వెలుపల చదివేవారికి అప్పట్లో నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,224 పౌండ్లు చూపాలి. మొత్తం 15,224 పౌండ్లు. అప్పటి వీసా రుసుము 524 పౌండ్లు, అక్కడి ఆరోగ్య సేవల కోసం ముందే కట్టే 1,164 పౌండ్లు వేరే పద్దులు. వాటిని ఖాతాలో నిలబెట్టి చూపనక్కరలేదు, కడితే చాలు.

మే నెల మొదట్లో పౌండు విలువ 113 రూపాయలకు అటూ ఇటూగా ఉంది. బావగారు ముందుచూపుతో దానిని 117గా లెక్కవేసి, ఖాతాలో ఉండవలసిన మొత్తాన్ని 17,81,208 రూపాయలుగా ఖరారు చేశారు. మేనకోడలు "ఇంకో యాభై వేలు వేసి ఉంచుదాం నాన్నా" అంటే ఒప్పుకోలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే విరిస్తే వడ్డీలో కోత పడుతుందని, అలా విరిచిన సొమ్ములో ఒక్క రూపాయి కూడా అవసరానికి మించి సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉండరాదని ఆయన సిద్ధాంతం. కోఠీ బ్రాంచిలోని పాత ఖాతాను ఎంచుకున్నారు. పాత ఖాతా అయితే నిన్నగాక మొన్న తెరిచినట్టు ఉండదని కన్సల్టెన్సీ కుర్రవాడు సలహా ఇచ్చాడు. అందులో అప్పటికే ఉన్న చిల్లరను కూడా లెక్కలోకి తీసుకుని, సరిగ్గా 17,81,208 రూపాయలు అయ్యేట్టు జమ చేశారు. బ్యాంకు గుమాస్తా ఆ ఎనిమిది రూపాయలు ఎందుకని అడిగితే, "నిబంధన" అని ఒక్క మాటలో చెప్పి వచ్చారట.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో పెళ్లిచూపుల ముందురోజు వాతావరణం నెలకొన్నది. వంటింటి గోడ మీద క్యాలెండరులో పాల లెక్క పక్కనే 28 గళ్లు వెలిశాయి. ఏ యాప్ ఎప్పుడు ఏ సొమ్ము లాగుతుందో తెలియదని, కరెంటు బిల్లు మొదలుకొని మేనకోడలు సినిమాలు చూసుకునే చందా దాకా ఆ ఖాతాకు ఉన్న సంబంధాలన్నిటినీ బావగారు తెంచేశారు. జీవిత బీమా వాయిదాను జీతం ఖాతాకు మార్పించారు. డెబిట్ కార్డును ఒక కవరులో పెట్టి, అంటించి, దాని మీద సంతకం చేసి, తారీఖు వేసి బీరువాలో పెట్టారు. ఆవకాయ రోజులు కావడం వల్ల అక్కయ్య మామిడికాయలకూ, నువ్వుల నూనెకూ, కారానికీ డబ్బడిగినప్పుడల్లా ఆయన అదిరిపడేవారు. అది వేరే ఖాతాలోంచి ఇవ్వవలసిన సొమ్మని అక్కయ్య ఎంత నచ్చజెప్పినా, ఏ ఖాతా పేరు విన్నా ఆయనకు ఆ ఒక్క ఖాతాయే గుర్తుకు వచ్చేది. ఆ ఏడు ఆవకాయ రెండు జాడీలకు బదులు ఒక్క జాడీయే అయింది.

బంధువులకు డబ్బు వాసన ఎలా తెలుస్తుందో పరిశోధించవలసిన విషయమే. పదేళ్లుగా శుభలేఖల ద్వారా తప్ప పలకరించని వరంగల్ పెదనాన్న కొడుకు ఒక ఆదివారం హఠాత్తుగా వచ్చి, కాఫీ తాగి, మా మేనకోడలిని సరస్వతీదేవి అని పొగిడి, ఆనక గొంతు తగ్గించి రెండు లక్షలు చేబదులు అడిగాడు. పది రోజుల్లో తిరిగి ఇచ్చేస్తానన్నాడు. మామూలుగా అయితే బావగారు ఇలాంటి సందర్భాల్లో మొహమాటపడి నలిగిపోయే మనిషి. ఈసారి మాత్రం, "నాకు ఇవ్వాలనే ఉంది తమ్ముడూ, బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోదు" అని సమాధానం చెప్పారు. స్వతంత్రం వచ్చి ఇన్నేళ్లయినా ఆ ప్రభుత్వం వల్ల మాకు ఒక మేలు జరిగింది.

బావగారి తల్లిగారు పట్టుబట్టడంతో ఒక తెల్లవారుజామున అందరం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి, కోరిక కోరుకుంటూ చేయవలసిన 11 ప్రదక్షిణలూ చేసి వచ్చాం. కోరిక తీరాక 108 చేయాలి. ఆ గుడిలో హుండీ లేకపోవడం బావగారికి ఎంతో నచ్చింది. ఖాతాలోంచి ఏమీ తగ్గకుండా వీసా ఇప్పించే వ్యవస్థ అదొక్కటేనని కారులో తిరిగి వస్తూ మెచ్చుకున్నారు.

క్యాలెండరులో మూడు వంతుల గళ్లు నిండాక, మే నెలాఖరున ఒక ఉదయం బావగారి ఫోనుకు సందేశం వచ్చింది. ఖాతా నుంచి 20 రూపాయలు తీసుకోబడ్డాయన్నది దాని సారాంశం. ఆయన నోట మాట రాలేదు. సైబర్ దొంగలు మొదట చిన్న మొత్తం లాగి చూసి తరువాత అంతా ఊడ్చేస్తారని ఆయన పత్రికల్లో చదివి ఉన్నారు గనుక, చేతులు వణుకుతుండగా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కలపబోయారు. మేనకోడలు ఫోను లాక్కుని సందేశం పూర్తిగా చదివింది. దొంగలెవరూ లేరు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన వారి వార్షిక ప్రీమియం. ఆ పథకం వచ్చిన 2015లో, ఏదో పని మీద కోఠీ బ్రాంచికి వెళ్లిన బావగారి చేత ఒక ఫారం మీద సంతకం పెట్టించుకున్నారట. ఏడాదికి 12 రూపాయలు, 2022 నుంచి 20 రూపాయలు, ప్రతి మే నెలాఖరునా ఎవరికీ చెప్పకుండా ఆ ఖాతాలోంచి జమాఖర్చు నడుస్తూనే ఉంది. ఆయన తెంచిన సంబంధాలన్నీ ఫోనులో కనిపించేవి. ఇది కాగితం మీద కుదిరిన సంబంధం. ప్రమాదం జరిగితే రెండు లక్షలు ఇచ్చే బీమా అది. ఆ ఇంట్లో ఆ ఏడాది జరిగిన ఏకైక ప్రమాదాన్ని అదే స్వయంగా తెచ్చిపెట్టింది, పైగా అటువంటి ప్రమాదం పాలసీ పరిధిలోకి రాదు.

నిల్వ 17,81,188 రూపాయలు. మేనకోడలు అక్కడే లెక్క కట్టి చూపించింది. పౌండ్ల లెక్క తేలేది దరఖాస్తు పెట్టిన రోజున, బ్రిటన్ వీసా అధికారులు ప్రమాణంగా తీసుకునే ఒయాండా వెబ్‌సైటులో ఉన్న మారకపు రేటును బట్టి. ఆనాటికి పౌండు 115 దగ్గర ఉంది కాబట్టి, కావలసింది 17,50,760 రూపాయలే. ఇరవై రూపాయలు పోయినా ఇంకా ముప్పై వేల పైన మిగులే ఉంది. కన్సల్టెన్సీ కుర్రవాడు కూడా ఫోనులో అదే చెప్పి, "ఏం కాదు సార్, గళ్లు నిండగానే పెట్టేద్దాం" అన్నాడు. నేనూ అదే అన్నాను. అక్కయ్య మాత్రం ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ల కాపురం ఆమెకు ఫలితాన్ని ముందే చెప్పేసింది.

"మంజూరైన మొత్తం 17,81,208. ఉన్నది 17,81,188. తగ్గిందా, లేదా?" అని బావగారు మమ్మల్ని అడిగారు. మంజూరు చేసింది తమరే కదా అంటే, అందువల్లనే మరింత ఖచ్చితంగా ఉండాలన్నారు. రేటు మీద ఆధారపడి మిగులు ఉందనుకోవడం ఊహ అనీ, ఇరవై రూపాయలు తగ్గడం వాస్తవమనీ, వాస్తవాన్ని ఊహతో సరిపుచ్చిన ఫైళ్లను తాను సర్వీసులో ఎన్నడూ వదిలిపెట్టలేదనీ వివరించారు. క్యాలెండరులోని గళ్లన్నిటినీ అడ్డంగా కొట్టివేసి, పొట్టి సంతకం పెట్టి, జూన్ నెల పేజీలో కొత్తగా 28 గళ్లు గీశారు. అనంతరం స్వయంగా కోఠీకి వెళ్లి, ఎండలో వచ్చి వరుసలో నిలబడిన జనమంతా చూస్తుండగా, ఇరవై రూపాయల నోటు ఒకటి జమ చేశారు. బీమా రద్దు చేయమని అడిగితే, ఈ ఏటి ప్రీమియం వెళ్లిపోయింది గనుక వచ్చే మే ఆఖరుదాకా మీరు సురక్షితులేనని అక్కడి ఉద్యోగిని అభినందించింది.

రెండో విడత 28 రోజులూ ఏ లోపమూ లేకుండా గడిచాయి. బ్యాంకు వారి స్టేట్‌మెంటు మీద 17,81,208 అన్న అంకె మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఇస్త్రీ చేసినట్టు నిలిచింది. ఆయన దానిని పదిమందికి చూపించారు. అయితే ఈలోగా పౌండు ఊరుకోలేదు. డాలరు బలహీనపడుతుండగా పైకి పాకి, జూన్ ఆఖరుకు 117 రూపాయల యాభై పైసలు దాటింది. దరఖాస్తు నింపడానికి కూర్చున్న మేనకోడలు ఆ రేటుతో గుణిస్తే 17,88,820 వచ్చింది. మే నెలలో ముప్పై వేల మిగులున్న ఖాతా, పైసా తగ్గకుండా కాపలా కాసిన తరువాత, ఏడున్నర వేలు తక్కువ పడింది. ఇప్పుడు ఆ ఏడున్నర వేలు జమ చేసినా, ఆ జమకు మళ్లీ మొదటి రోజు నుంచి 28 రోజులు నిండాలి. అప్పటికి పౌండు ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. బావగారు క్యాలెండరులో జూలై పేజీ తిప్పబోతుంటే అక్కయ్య వచ్చి క్యాలెండరునే మేకు నుంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సంవత్సరం మొత్తంలో ఆమె చేసిన ఏకైక అభ్యంతరం అది.

దారి చూపించింది మేనకోడలే. ఖాతాలో డబ్బు పెంచలేకపోతే, చూపవలసిన డబ్బునే తగ్గించుకోవచ్చు. మిగిలిన ఫీజులో 100 పౌండ్లు ఇప్పుడే కట్టేస్తే చూపవలసింది 15,124 పౌండ్లకు దిగుతుంది, అంటే 17,77,070 రూపాయలు. ఆ చెల్లింపును యూనివర్సిటీ తన క్యాస్ పత్రంలో, అంటే వీసా కోసం సీటును ధ్రువీకరిస్తూ ఇచ్చే పత్రంలో, చేరుస్తుంది. ఇంతకూ ఆ వంద పౌండ్లు ఎవరు కట్టాలన్నది ప్రశ్న. అక్కయ్యకు కార్డు లేదు, మేనకోడలికి సంపాదన లేదు. "నేను పంపితే పది లక్షల హద్దు ఎప్పుడో దాటింది కనుక 5 శాతం, అంటే 587 రూపాయల యాభై పైసలు అదనం. నీ పాన్ మీద హద్దు మొత్తం ఖాళీగా పడి ఉంది కదోయ్" అని బావగారు నా వైపు చూశారు. వీసా నిబంధనల్లో చోటులేని మేనమామకు ఫీజు రసీదులో మాత్రం చోటు దొరికింది. "కార్డు నంబరు చెప్పు మామయ్యా" అని మేనకోడలు అప్పటికే ఫోను పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే దరఖాస్తు వెళ్లిపోయింది. బావగారు నన్ను కూర్చోబెట్టి, తమ చేతి పుస్తకంలో నా పేరున కొత్త పద్దు తెరిచి, వంద పౌండ్ల విలువ రాసి, ఇది తాను తీర్చవలసిన బాకీయేనని ఒప్పుకున్నారు. కాని వీసా చేతికి వచ్చేదాకా ఆ ఖాతాలోంచి రూపాయి కూడా కదల్చవద్దని కుర్రవాడు చెప్పాడు కనుక చెల్లింపు ప్రస్తుతానికి వాయిదా పడిందన్నారు. జీతం ఖాతాలోంచి ఇవ్వచ్చు కదా బావగారూ అంటే, ఖర్చు ఏ పద్దు కిందిదో ఆ పద్దులోంచే పోవాలన్నారు. కార్డు కంపెనీ మారకం మీద వేసిన రుసుమునూ, దాని మీద జీఎస్టీనీ నేను విడిగా చెబితే, ఆ రెండు అంకెల పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టి, వోచర్లు జతచేసి మళ్లీ సమర్పించమన్నారు.