సైగలు నేర్పితే మాటలు రావన్నది అబద్ధం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: మాటలు రాని పిల్లలకు సైగలు, బొమ్మల కార్డులు అలవాటు చేస్తే బద్ధకం వచ్చి ఇక నోరు విప్పరు, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ అయితే బుర్ర గందరగోళమవుతుంది కాబట్టి ఒక్క భాషే మాట్లాడండి, మగపిల్లలకు మాటలు ఎలాగూ ఆలస్యమే, నాలుగేళ్ళ దాకా ఆగండి, ఈలోగా తేనెలో వస అరగదీసి నాలుకకు రాయండి. పంపేవాళ్ళందరూ పిల్లల మేలు కోరేవాళ్ళే, నాకు బాధ కూడా అందుకే.

ముందు సైగల సంగతి. ఏ పిల్లైనా మాటకంటే ముందు చేతులతోనే మాట్లాడుతుంది. ఎత్తుకోమని చేతులు చాపుతుంది, టాటా చెబుతుంది, ఏడాది వచ్చేసరికి చందమామను వేలితో చూపిస్తుంది. దానివల్ల ఎవరికైనా మాట ఆగిపోయిందా? జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 2005లో ప్రచురించిన పరిశోధనలో, పసిపిల్లలు మొదట సైగతో చూపిన వస్తువుల పేర్లే చాలావరకు తర్వాత నోటి మాటలుగా వచ్చాయి.

సరే, అది మామూలు పిల్లల మాట, మాట అసలు రానివాళ్ళ సంగతేమిటి అంటారా? ఎదుగుదల సమస్యలున్నవాళ్ళకు సైగలు, బొమ్మలు, మాట్లాడే పరికరాలు నేర్పిన అధ్యయనాలన్నీ మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు 2006లో వడపోశారు. నమ్మదగినవిగా తేలిన 27 కేసుల్లో 89 శాతం మందికి మాట పెరిగింది, మిగతావాళ్ళకు ఉన్నది ఉన్నట్టే ఉంది, తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. పెరిగింది కూడా కొందరికి కొద్దిగానే, అది దాచకూడదు. కానీ బద్ధకం అన్నమాట మాత్రం ఎక్కడా నిలబడలేదు.

మా చెల్లెలి కొడుకు పెరుగన్నం ఇంకా కావాలంటే కంచం విసిరేసేవాడు, అంతకుమించి వాడికి దారి లేదు. థెరపిస్టు చెప్పినట్టు చెల్లెలు ఒక ముద్ద పెట్టి, రెండోది చేతిలో ఉంచుకుని, రెండు చేతుల వేళ్ళకొసలు కలిపి చూపిస్తూ "ఇంకా?" అని ఆగేది. వాడి చేతులు కదలగానే "ఇంకా!" అంటూ ముద్ద పెట్టేసేది. సైగ చేసిన ప్రతిసారీ మాట కూడా అనాలి, ఆ తర్వాత పిల్లాడికి జవాబిచ్చే వ్యవధి ఇవ్వాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మెల్లగా చేతులతో పాటు "ఇం" అని రావడం మొదలైంది, మాట కుదిరాక చేతులు వాటంతటవే మానేశాడు. వాళ్ళ బిందె, వాళ్ళ చెప్పులు, వాళ్ళ వీధి తలుపు ఫోన్‌తో ఫోటోలు తీసి ప్రింటు వేయించి గోడకు అంటించారు, బయటికి వెళ్ళాలంటే తలుపు ఫోటో తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఏడుపు సగానికి సగం తగ్గింది. ఖర్చు పెట్టలేనివాళ్ళకు ఐఐటీ బొంబాయి తయారుచేసిన జెల్లో అనే బొమ్మల యాప్ ఉచితంగా దొరుకుతుంది.

అన్నట్టు, దీనికి ఎదురు ప్రచారం కూడా ఉంది, పసిపిల్లలకు సైగలు నేర్పితే తెలివి పెరుగుతుందని క్లాసులు అమ్ముతున్నారు. అదీ నమ్మకండి. బ్రిటన్‌లో 40 మంది పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో భాష విషయంలో ఏ తేడా కనిపించలేదు, నష్టమూ లేదు.

ఇక రెండు భాషల గొడవ. మన వైపు పిల్ల "అమ్మా, పాణి" (ఒడియాలో నీళ్ళు) అంటే అది గందరగోళం కాదు, తనకు తెలిసిన రెండు మాటలు జత చేసింది. మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగువీ ఒడియావీ కలిపి లెక్కపెట్టాలి, ఒక్క భాషే లెక్కేస్తే ఏ పిల్లకైనా తక్కువే కనిపిస్తాయి. ఎన్ని భాషలు విన్నా దానివల్ల మాట ఆలస్యం కాదు, ఆటిజం ఉన్న పిల్లలకూ అంతే. తెలుగు తప్ప మరోటి రాని నానమ్మ ఉన్న ఇంట్లో తెలుగు ఆపేయమంటే, పిల్లతో రోజంతా మాట్లాడే మనిషి నోరు కట్టేసినట్టే కదా!

వస గురించి ఎక్కువ చెప్పను. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. వసతో పసివాళ్ళకు వాంతులైన సందర్భాలున్నాయి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది "ఆగండి" అన్న మాట. మగపిల్లలకు సగటున కాస్త ఆలస్యమవుతుంది, నిజమే, కానీ ఆ తేడా నెలల్లోనే, ఏళ్ళలో కాదు. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ధైర్యం చెబుతారు, నిజానికి ఇంట్లో అలా ఉంటే ఇంకా ముందే చూపించుకోవాలి. ఏడాదికి వేలితో చూపించకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాట ఏ వయసులో పోయినా వెంటనే వెళ్ళండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు, అంగన్‌వాడీ దీదీని అడిగితే వాళ్ళ టీం ఎప్పుడు వస్తుందో చెబుతుంది. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం, ఎక్కడ అని అడగండి. ఎవరైనా ఇంకో ఆరు నెలలు చూద్దామన్నా సరే, చెవి పరీక్ష మాత్రం అప్పుడే చేయించుకోండి. పిల్ల నోరు విప్పి జవాబు చెప్పక్కర్లేదు, పుట్టిన రెండో రోజు నుంచే ఆ పరీక్ష చేయవచ్చు.