బల్క్ డ్రగ్ హైదరాబాద్‌లో ఎందుకు పుట్టింది, తీరానికి ఎందుకు వెళ్తోంది

ఇంట్లో మాత్రల స్ట్రిప్ ఒకటి తీసి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి చూడండి. బద్ది, సోలన్ జిల్లా, హిమాచల్ ప్రదేశ్ అనో, సిక్కిం అనో, హరిద్వార్ అనో కనబడే అవకాశం ఎక్కువ. ఆ మాత్రలో రోగం మీద పనిచేసే పొడి ఎక్కడిదో మాత్రం మామూలుగా స్ట్రిప్ మీద ఉండదు. అది బొల్లారంలోనో, జీడిమెట్లలోనో, చౌటుప్పల్‌లోనో, పరవాడలోనో తయారై, డ్రమ్ముల్లో లారీ ఎక్కి ఆ కొండ ఊరు చేరి, అక్కడ బిళ్లగా మారి ఉండొచ్చు. ఆ పొడినే బల్క్ డ్రగ్ అంటారు. మందుల వ్యాపారంలో తెలుగు నేల పేరు తెచ్చుకున్నది ఈ పేరులేని పొడితోనే.

బిళ్ల ఒక చోట, పొడి ఒక చోట తయారవడం వెనక బలమైన కారణాలున్నాయి. బద్ది సంగతి తేలిగ్గా చెప్పేయొచ్చు. 2003లో కేంద్రం హిమాచల్‌కు, ఉత్తరాఖండ్‌కు ఎక్సైజ్ మినహాయింపు ఇచ్చింది. పొడి తెచ్చుకుని, బిళ్ల నొక్కే యంత్రాలు బిగించుకుంటే చాలు, మాత్రల ఫ్యాక్టరీ ఎక్కడైనా నడుస్తుంది. అందుకే కంపెనీలు వరస కట్టాయి. 2010 మార్చి తర్వాత పెట్టిన కొత్త యూనిట్లకు ఆ మినహాయింపు లేదు. బద్దిని తయారుచేసింది పన్ను రాయితీ.

హైదరాబాద్‌ను పన్ను రాయితీ ఒక్కటే తయారుచేయలేదు. ఇక్కడి కథ బాలానగర్‌లో మొదలవుతుంది.

1950ల్లో మన దేశంలో మందులంటే ఎక్కువగా విదేశీ కంపెనీల సరుకే. బ్రిటిష్ కాలపు 1911 నాటి పేటెంట్ చట్టమే అమల్లో ఉండేది. యాంటీబయాటిక్స్ ధరలు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని అమెరికా సెనేట్‌లో మందుల ధరల మీద విచారణ జరిపిన కెఫావర్ కమిటీయే గుర్తించింది. ఆ పరిస్థితిలో 1961లో కేంద్రం ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే మనం ఐడీపీఎల్ అని పిలుచుకునే సంస్థను పెట్టింది. సోవియట్ సహకారంతో మూడు చోట్ల మూడు రకాల పనులు అప్పగించారు. రిషీకేశ్‌కు యాంటీబయాటిక్స్, మద్రాసుకు శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్ బాలానగర్‌కు సింథటిక్ డ్రగ్స్, అంటే రసాయన చర్యలతో తయారయ్యే మందులు. తర్వాతి అరవై ఏళ్ల చరిత్రకు దారి వేసింది ఈ పంపకమే అని నా అభిప్రాయం.

రిషీకేశ్‌లో కూడా పెద్ద ఫ్యాక్టరీయే పెట్టారు. అక్కడా రష్యన్ నిపుణులు వచ్చారు, అక్కడా ఇంజినీర్లు తయారయ్యారు. అయినా ఆ ఊరి చుట్టూ మందుల పరిశ్రమ ఇలా అల్లుకోలేదు. యాంటీబయాటిక్ తయారీకి బూజునో బ్యాక్టీరియానో పెద్ద పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టాలి. దానికి బోలెడు కరెంటు, ఆవిరి, నీళ్లు కావాలి. చిన్నగా మొదలుపెడితే గిట్టుబాటు కాదు. అక్కడి ఉద్యోగి రాజీనామా చేసి తన నైపుణ్యంతో సొంత దుకాణం తెరవలేడు. సింథటిక్ డ్రగ్ అలా కాదు. ఒక షెడ్డు, రసాయన చర్య జరిపే రెండు మూడు రియాక్టర్లు, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక డ్రయర్, చేతిలో ప్రాసెస్ తెలిసిన కెమిస్ట్ ఉంటే చాలు, బ్యాచ్ తీయొచ్చు. హైదరాబాద్‌కు దక్కింది ముక్కలుగా విడదీసి ఇంటికి తీసుకుపోగల విద్య.

దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి చట్టం తలుపు తీసింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970 పేటెంట్ చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్‌లో అమలైంది. ఆ చట్టం ప్రకారం 2005 వరకు మందుకు పేటెంట్ ఉండేది కాదు, తయారుచేసే పద్ధతికే ఉండేది. వేరే దారిలో అదే మందు చేయగలిగితే చేసుకునే వీలుండేది. ఈ ఒక్క మార్పుతో కెమిస్ట్ విలువ పెరిగిపోయింది. వేరే దారి వెతకగలిగినవాళ్లు వందల సంఖ్యలో అప్పటికే ఒకే ఊళ్లో ఉన్నారు.

తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో డాక్టరేట్ చేసి ఐడీపీఎల్‌లో చేరారు. 1970ల మధ్యలో బయటికొచ్చి ముందు యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్ నడిపారు. మొదట్లో ఆయన కంపెనీకి నిలదొక్కుకునే బలమిచ్చింది రక్తపోటుకు వాడే మిథైల్‌డోపా అనే బల్క్ డ్రగ్. ఆయన ఒక్కరే కాదు, ఐడీపీఎల్‌లో షిఫ్టులు చేసిన ఎందరో ఇదే దారి పట్టారు. వాళ్ల దగ్గర పనిచేసినవాళ్లు మళ్లీ సొంత యూనిట్లు పెట్టారు. కృష్ణా, గుంటూరు జిల్లాల పొలాల్లో మిగిలిన డబ్బు ఈ షెడ్లలోకి పెట్టుబడిగా చేరింది. రియాక్టర్లు బిగించేవాళ్లు, రసాయనాలను కరిగించడానికి వాడిన పాత సాల్వెంట్ కొని శుద్ధి చేసి మళ్లీ అమ్మేవాళ్లు, డ్రమ్ములు సరఫరా చేసేవాళ్లు, ఫలానా ఇంటర్మీడియట్, అంటే మందుగా మారే ముందు దశలోని రసాయనం, ఎవరి దగ్గర దొరుకుతుందో ఫోన్‌లోనే చెప్పగల ఏజెంట్లు చుట్టూ చేరారు. తర్వాత ఐడీపీఎల్ దాదాపు మూతపడ్డా బాలానగర్ దగ్గర ఆ పేరుతో కాలనీ ఉంది, బస్టాపు ఉంది. ప్రభుత్వ రంగ సంస్థ నష్టాల్లో పోయిందని బాధపడేవాళ్లు దాని లెక్కల పుస్తకంలో ఎప్పుడూ కనబడని ఈ లాభాన్ని కూడా చూడాలి.

తార్నాకలో ఇంకో ఆధారం ఉంది. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన ప్రయోగశాల 1956లో రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, 1989లో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) అయింది. అక్కడ ఏ.వి. రామారావు బృందం ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని రూపొందించింది. ఆ పద్ధతిని తీసుకుని మార్కెట్‌లోకి తెచ్చింది బొంబాయి కంపెనీ సిప్లా. తర్వాత 2001లో అదే సిప్లా మూడు మందుల ఎయిడ్స్ చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించి ప్రపంచాన్ని కదిలించింది. ఈ ఒక్క ఉదాహరణలో రెండు ఊళ్ల స్వభావం తెలిసిపోతుంది. బొంబాయికి, అహ్మదాబాద్‌కు డాక్టర్ల చుట్టూ తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్‌లు, స్టాకిస్టులు, బ్రాండ్లు ముందునుంచీ ఉన్నాయి. హైదరాబాద్‌కు రసాయనం తెలుసు. అందుకే మన తొలి తరం కంపెనీలు కిలోల లెక్కన అమ్ముకున్నాయి, మాత్రల్లోకి, విదేశీ జెనరిక్స్‌లోకి తర్వాత వెళ్లాయి.

అదే నగరంలో ఇంకో దిక్కున మరో రకం సరుకు పుట్టింది. వరప్రసాద్ రెడ్డి 1993లో మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పరిశోధన నడుపుకుని 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. దగ్గర్లో ఏ విద్య ఉంటే ఆ సరుకు వస్తుంది. ఇటు జీవశాస్త్రం ఉంది కాబట్టి టీకాలు, అటు రసాయనశాస్త్రం ఉంది కాబట్టి బల్క్ డ్రగ్స్.

ఇంతవరకు చెప్పింది ఊరు పరిశ్రమకు ఇచ్చిన వాటిలో సగమే. మిగతా సగం నీళ్లలో ఉంది.

రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక లెక్క వేశారు. ఒక కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుంది? పెట్రోలు శుద్ధిలో పావుకిలో కూడా ఉండదు. మందుల తయారీలో 25 కిలోల నుంచి 100 కిలోల పైదాకా. ఒక్కో మందుకు ఏడెనిమిది దశలు ఉంటాయి, ప్రతి దశలో సాల్వెంట్, ఆమ్లం, ఉప్పు మిగిలిపోతాయి. డ్రమ్ములోని పొడి లారీ ఎక్కి ఏ దేశానికైనా పోతుంది. ఆ పాతిక కిలోలో, వంద కిలోలో మాత్రం తయారైన ఊళ్లోనే ఉంటాయి. బిళ్లల ఫ్యాక్టరీ పక్క ఊరికి, బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ పక్క ఊరికి తేడా ఇదే.

మెదక్ జిల్లాను పారిశ్రామికంగా వెనకబడిన జిల్లాగా గుర్తించి రాయితీలిచ్చి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు నింపారు. అక్కడి నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు రంగు మారింది, బావుల నీళ్లు పనికిరాకుండా పోయాయి, చెరువుల్లో చేపలు చచ్చి తేలాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల్లో మార్పు చూసి రైతులతో కలిసి దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది, అక్కడి నుంచి హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఒక తరం పెరిగి పెద్దదైనంత కాలం పట్టింది.

2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ఈ కథలో అన్నిటికంటే భయంకరమైన భాగం. పటాన్‌చెరులో సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని వాళ్లు పరీక్షించారు. శుద్ధి అయ్యాక వచ్చే నీరది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ కనబడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అనేక రెట్లు ఎక్కువ. యాంటీబయాటిక్ కలిసిన నీటిలో బతకడం నేర్చుకున్న సూక్ష్మక్రిములు ఏ మందుకూ లొంగని రోగాలై తిరిగొస్తాయి. మందు తయారీయే మందును పనికిరాకుండా చేసే పరిస్థితి అది. తర్వాత ఆ ప్లాంటు నీటిని గొట్టం వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. నక్కవాగు బరువు మూసీ మీదికి మారింది.

ప్రపంచమంతా మెచ్చుకునే మన చవక మందు వెనక రెండు రాయితీలున్నాయి. ఒకటి ఐడీపీఎల్, ఐఐసీటీల్లో ప్రజల డబ్బుతో తయారైన కెమిస్టులు. రెండోది వాగు, బావి, చెరువు. మొదటిది గర్వంగా చెప్పుకుంటాం. రెండోది ఇన్‌వాయిస్‌లో ఉండదు. రెంటినీ కలిపి చూడకపోతే హైదరాబాద్ బల్క్ డ్రగ్ ఎందుకంత చవకో అర్థం కాదు.

ఇప్పుడు ఈ పరిశ్రమ తూర్పు తీరానికి జరుగుతోంది. పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, పక్కన అచ్యుతాపురం సెజ్, భీమిలి దగ్గర చిప్పాడ. కేంద్రం 2020లో 3,000 కోట్ల రూపాయలతో మూడు బల్క్ డ్రగ్ పార్కులు ప్రకటించింది. 2022లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్, హిమాచల్ ప్రదేశ్ ఎంపికయ్యాయి, తెలంగాణకు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ పార్కుకు అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. చైనా ధరలకు తట్టుకోలేక మన దేశం వదిలేసుకున్న పెన్సిలిన్-జి తయారీ కూడా కాకినాడ జిల్లా తొండంగి తీరంలో 2024లో మళ్లీ మొదలైంది. రిషీకేశ్‌లో వేరూనని పులియబెట్టే విద్య ఇన్నేళ్లకు మన తీరానికి వచ్చింది. ముడిసరుకు కోసం ఒకే దేశం మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో కొవిడ్ ఏడాది అందరికీ తెలిసొచ్చింది కాబట్టి ఇది అవసరమైన పనే. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

కానీ తీరాన్నే ఎందుకు ఎంచుకున్నారు? రేవు ఉంది, భూమి ఉంది, నిజమే. వాటితోపాటు సముద్రం ఉంది. శుద్ధి చేసిన వ్యర్థజలాలను గొట్టంలో సముద్రంలోకి వదిలే వీలుంది. వాగు రంగు మారితే రైతుకు కనబడుతుంది, సముద్రం రంగు అంత త్వరగా మారదు. నక్కపల్లి పక్కన రాజయ్యపేట మత్స్యకారులు పార్కు వద్దని రోడ్డెక్కారు. వాళ్లను అభివృద్ధి వ్యతిరేకులని తోసిపుచ్చేవాళ్లు ఒకసారి పటాన్‌చెరు వెళ్లి అక్కడి రైతును పలకరించాలి.

నాకు ఇంకో బెంగ ఉంది. బాలానగర్ నుంచి తీరానికి యంత్రాలు వస్తున్నాయి, బాలానగర్‌ను నిలబెట్టిన మనుషుల తయారీ వస్తోందా? ఐడీపీఎల్‌లో ఆపరేటర్‌కు శిక్షణ ఉండేది, క్వార్టర్ ఉండేది, ఏళ్ల అనుభవం ఒకే చోట పోగయ్యేది. ఇప్పుడు రియాక్టర్ దగ్గర నిలబడేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికుడు. బిహార్ నుంచో, ఒడిశా నుంచో, ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చి అద్దె గదిలో ఉండే కుర్రాడు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో, మాత్రల్లో కలిపే పొడి తయారుచేసే ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోయారు. అనుభవం ఒక చోట నిలవకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ రెండు తేదీలు చాలు. నక్కపల్లిలో రోడ్లకంటే ముందు ఒక రసాయన శిక్షణ సంస్థ, ఒక పైలట్ ప్లాంట్, కంపెనీలతో సంబంధం లేని ఒక నీటి పరీక్షా కేంద్రం రావాలని అడగడం అత్యాశ కాదు. హైదరాబాద్‌కు పరిశ్రమకంటే ముందు ప్రయోగశాల ఉంది కదా.

నీటి పరీక్ష అంటే గుర్తొచ్చింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ప్రకటించింది. ఫ్యాక్టరీ వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్స్‌కు విడివిడిగా పరిమితులు పెట్టింది. ప్రపంచంలో ఇంకెవరూ చేయని సాహసమది. 2021లో తుది నిబంధనలు వచ్చాయి, ఆ పరిమితులు అందులో లేవు. ఇప్పుడు ఫ్యాక్టరీ గొట్టాల దగ్గర బిగించే ఆన్‌లైన్ మీటర్లు నీటి ఆమ్లత్వాన్ని, మొత్తం కాలుష్యం ఎంతో చెప్పే సీఓడీ, బీఓడీ అనే కొలతలను చూపిస్తాయి. 2007లో పటాన్‌చెరులో దొరికిన సిప్రోఫ్లోక్సాసిన్ రేపు నక్కపల్లి గొట్టంలో అంతే మోతాదులో వెళ్లినా ఆ మీటరులో ఏ అంకె దాన్ని చూపించదు.