బాబాయిగారి కడుపులో చోలే

తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన మా బాబాయిగారికి భోజనం కాగానే కుడి డొక్కలో నొప్పి వస్తూండడంతో స్కానింగు చేయించాం. చేతికందిన రిపోర్టులో ‘చోలేలిథియాసిస్’ అని ఉందని, ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణన్న ధీమాతో, పిన్నికి ఫోనులో నేనే చదివి వినిపించాను. చోలే అన్న మాట చెవిన పడ్డాక పిన్ని తక్కినది వినలేదు. మేము ఇల్లు చేరేసరికి డబ్బాలోని కాబూలీ శనగలు పనిమనిషి సంచిలోకి చేరిపోయాయి. పూరీల్లోకి చోలే చెయ్యమని ప్రతి ఆదివారమూ అడిగిన పాపానికి బాబాయిగారు ముద్దాయిగా నిలబడవలసి వచ్చింది.

మరునాడు సర్జనుగారు అది ‘కోలెలిథయాసిస్’ అని, గ్రీకులో ‘ఖొలె’ అంటే పిత్తం, ‘లిథోస్’ అంటే రాయి అని, ఆ ఖకారం దగ్గర ఇంగ్లీషువారు ‘క’తో సరిపెట్టుకున్నారని చెప్పారు. నా చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు, అది వారి సంస్కారం. బాబాయిగారు మాత్రం “పిత్తాశ్మరి!” అని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. సమాసం దొరికిన పండితుడికి నొప్పి గుర్తుంటుందా? న్యుమోనియా మొదట్లో రాసీ పలకని ‘ప’ను గ్రీకులు నిక్షేపంగా పలికేవారని తెలిసి, స్వప్నం, అప్సరస అనగలిగే మన నోటికి అదొక లెక్కా అన్నారు. ‘గాస్ట్రో’కు ‘ఐటిస్’ ప్రత్యయం పరమైతే ఓకారం లోపించి ‘గాస్ట్రైటిస్’ అవుతుందని వినగానే సంధి కార్యమని మురిసి, ‘గాస్ట్రోఎంటరైటిస్’లో అదే ఓకారం అచ్చు ముందు కూడా ఎందుకు నిలిచిందని నిలదీశారు. రెండు ధాతువుల నడుమ అది పోదని సర్జనుగారు ఓపికగా చెప్పారు. బయట పదిమంది రోగులు ఎదురుచూస్తున్నారు.

చివరకు చీటీ మీద ఆపరేషను పేరు రాశారు: కోలెసిస్టెక్టమీ. బాబాయిగారు ఉత్సాహంగా అందుకుని, అర్థాలు ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంటూ, “ఖొలె పిత్తం, కిస్టిస్ సంచి, ఎక్ వెలుపలికి, టొమె కోత; పిత్తపు సంచిని కోసి వెలుపలికి తీయుట” అని విగ్రహవాక్యం పూర్తిచేసి, మెచ్చుకోలు కోసం నావైపు తిరగబోయి ఆగిపోయారు. చెయ్యి మెల్లగా డొక్క మీదికి వెళ్ళింది.

“డాక్టరుగారూ, ఆ ‘ఎక్’ అనే ఉపసర్గ ఒక్కటీ లోపిస్తే సంచి లోపలే ఉండిపోతుంది కదండీ?”

“ఉంటుంది మాస్టారూ. కోత మాత్రం తప్పదు.”