కాళ్ళు లెక్కపెట్టి గ్యారంటీ

మా మల్కాజిగిరి అపార్ట్‌మెంట్‌కి పురుగుల మందు కొట్టించాం. రసీదు మీద 'అన్ని రకాల కీటకాలకు మూడు నెలల గ్యారంటీ' అని ఉంది. వారం తిరక్కుండా బాత్రూం మూలన సాలీడు గూడు కట్టింది. ఫోన్ చేస్తే కుర్రాడొచ్చాడు. సెల్‌ఫోన్ టార్చి వేసి, శ్రద్ధగా దాని కాళ్ళు లెక్కపెట్టాడు.

"ఎనిమిదున్నాయి సార్. కీటకమంటే ఆరే. గ్యారంటీలోకి రాదు."

పరీక్ష అవగానే మరిచిపోయిన సైన్సు పాఠం ఇన్నేళ్ళకి బిల్లు పట్టుకుని ఇంటికొచ్చింది. కాదనడానికీ లేదు. దానికి మీసాల్లేవు, తలా రొమ్మూ ఒకే ముద్ద. తేలు దాని బంధువు. ఆరుద్ర పురుగుకీ పేరులోనే పురుగు, కాళ్ళు మాత్రం ఎనిమిది!

ఈలోగా వాచ్‌మన్ సెల్లార్‌లో జెర్రిని చూపించాడు. "కణుపుకో జత కాళ్ళు. వేరే కొటేషన్ సార్." పక్కనే రోకలిబండ పురుగు. "దీనికి కణుపుకి రెండు జతలు." రేటూ డబులేనేమోనని నేను అడగలేదు, భయమేసింది. నాలుగో అంతస్తు ఆంటీ చేతిలో సంచితో ఆగి, "మరి రొయ్యలో బాబూ?" అంది. "అవీ ఈ బాపతేనమ్మా, పైన పెంకు, కాళ్ళకి కీళ్ళు. రొయ్యకి సాలీడు కన్నా బొద్దింకే దగ్గరి చుట్టం." ఆంటీ సంచిని కాస్త దూరంగా పట్టుకుంది.

"సరే, దోమ? ఆరు కాళ్ళేగా?"

"ఎగిరొచ్చేవాటికి గ్యారంటీ లేదు సార్."

1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపు కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన అది చూసిన బిల్డింగు బేగంపేటలో ఇంకా ఉంది. ఆయన కోసింది మలేరియా మోసే అనాఫిలిస్ దోమ, మమ్మల్ని కుట్టేది డెంగీ మోసే ఏడిస్ దోమ అని ఎవరైనా వర్గీకరణ చెప్పబోతే ఊరుకోను. మా లిఫ్టు గుంటలో నీళ్ళు జూన్ నుంచి నిలిచే ఉన్నాయి. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది, అంటే ఎన్ని తరాలు పుట్టాయో లెక్కేసుకోండి. రెండో అంతస్తు పిల్లాడు డెంగీతో ఆస్పత్రిలో పడ్డాడు. నీళ్ళు తోడించడానికి మెయింటెనెన్స్‌లో డబ్బుల్లేవట. గేటుకి రంగుల లైట్లు పెట్టించడానికి ఎక్కడివి? సిగ్గుండక్కర్లా?

వెళ్తూ వెళ్తూ కుర్రాడు, "సాలీడుకి వేరే మందుంది సార్, కొట్టమంటారా?" అన్నాడు. వద్దన్నాను. నిన్న రాత్రి చూస్తే గూట్లో రెండు దోమలున్నాయి.