బావి గిలక గారికి ఒక ఫిర్యాదు

గౌరవనీయులైన గిలక గారికి,

పెరటి బావి పూడ్చాక పదేళ్లు అటక మీద తుప్పు పడుతున్న మిమ్మల్ని దించి, కొబ్బరినూనె పట్టించి, వరండా కటకటాల అడుగున బిగించి ఉద్యోగం ఇచ్చింది నేనే. ఆ కృతజ్ఞత మీలో కనిపించడం లేదు.

షటిల్ ఆడుతూ ఎగిరి దిగినప్పుడు మోకాట్లో టప్పుమంది. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంటు తెగిందన్నారు. తొడ వెనుక కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు తీసి, ఆ చోట వేసి, మరలు బిగించి ఇంటికి పంపారు. అక్కడినుంచి మోకాలు వంచే పనిలో మీ రాజ్యం. నేను మీ వైపు తల పెట్టి వెల్లకిలా పడుకోవాలి. మేజోడు తొడిగిన మడమ కింద, వడ్రంగి చిత్రిక పట్టిన పలక. జారడానికి దాని మీద పౌడరు. పాదానికి అమ్మ పాత నేతచీర పట్టీ, దానికి తాడు, ఆ తాడు మీ మీదుగా నా చేతుల్లోకి. నేను లాగుతాను, మడమ పిరుదు వైపు జరుగుతుంది, మీరు కిర్రుమంటారు. నేను అంతకంటే గట్టిగా అంటాను.

ఇక జనం! "ఈరోజు ఎంత వంగింది?" తొడ మీద ఒకసారి, కింది ఎముక మీద ఒకసారి ఫోను పెట్టి మా బావమరిది కోణం లెక్క కడతాడు. ఒకరోజు 85 డిగ్రీలు, మర్నాడు 82. వాపు వస్తే తగ్గడం మామూలేనని ఫిజియో చెప్పినా, ఇంటిల్లిపాదీ నేను పరీక్ష తప్పినట్టు చూస్తారు.

మడమ కింద చుట్టి పెట్టే తువ్వాలును మాత్రం ఎవరూ అడగరు. మోకాలి కింద ఏమీ లేకుండా వదిలేస్తే కాలు తన బరువుతో తానే చాచుకోవాలి, పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. మొదటి వారాల్లో వంగడం కంటే ఇదే ముఖ్యం. కాలు పూర్తిగా చాచుకోకపోతే నడకలో కుంటు మిగులుతుంది. కానీ తువ్వాలు కిర్రుమనదు కదా! పైగా నా అవస్థ చూడలేక అత్తయ్య మెల్లగా వచ్చి మోకాలి కింద దిండు దూరుస్తారు. నేను తీస్తాను. కన్ను మూస్తే మళ్లీ పెడతారు.

నిన్నటికి 130 డిగ్రీలు దాటింది. ఆటకు తొమ్మిది నెలలు ఆగాల్సిందే గానీ, మీతో పని అయిపోయింది. ఎదురింటాయనకూ అదే ఆపరేషన్ అయిందట, వాళ్లబ్బాయి మీ కోసం వచ్చాడు. తువ్వాలు కూడా పట్టుకెళ్లమన్నాను.

"తువ్వాళ్లు మా ఇంట్లోనూ ఉన్నాయి లెండి" అని మిమ్మల్ని మాత్రం సంచిలో వేసుకున్నాడు.

ఇట్లు,
మీ చేత లాగబడినవాడు