పోపులపెట్టెలో చీటీ

బుధవారం సాయంత్రం మా అమ్మ పోపులపెట్టెలో ఆవాలు తీసుకోబోయి, మెంతుల గిన్నె కింద మడిచిపెట్టిన కాగితం తీసింది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. సాయంత్రం పూట పేపరేమిటని అడక్కండి. అత్తాకోడళ్ళున్న ఇంట్లో మగాడికి దొరికే గోడ అదొక్కటే.

కాసేపటికి పోపు మాడిన వాసన వచ్చింది. మా అమ్మ పోపు మాడ్చడం నా ఎరుకలో అదే మొదటిసారి.

అప్పుడే ఉమ బ్యాంకు నుంచి వచ్చింది. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"అమ్మాయ్, ఇలా కూర్చో."

"పొయ్యి మీద పాలున్నాయి అత్తయ్యగారూ, పొంగుతాయి."

"పొంగనీ. ఎవరతను?"

"ఎవరండీ?"

"ఐదింటికి వచ్చే అతను."

"పాలబ్బాయా?"

"పాలబ్బాయితోనా!" అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "వాడికి ఇంకా మీసాలు రాలేదు కదే!"

"వాడికి మీసాలు వస్తే మనకేంటి, రాకపోతే మనకేంటి? ఏమైంది మీకు?"

అమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ముప్ఫై ఏళ్ళు మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. ప్రేయర్లో సూక్తి చదివే గొంతు ఒకటి ఇప్పటికీ దాచుకుంది, ముఖ్యమైన వాటికి వాడుతుంది.

"'శుక్రవారం 4.30కి లేచిపోవాలి. 5కి ఆయన వచ్చేస్తాడు. 200 పట్టికెళ్ళాలి. ఇంట్లో చెప్పకూడదు.' నీ దస్తూరీయే. వోచరు వెనకాల రాశావు."

ఉమ ముఖం నాకు కనపడలేదు. హెల్మెట్ కింద పడ్డ చప్పుడు మాత్రం వినపడింది.

"అయ్యో రామ! అది అది కాదండీ."

"నాకు తెలుసు అది కాదని ఏడుస్తావని. ఏడ్చేముందు ఒక్క మాట చెప్పు. రెండొందలతో లేచిపోవడమేంటే? మా కాలంలో లేచిపోయినవాళ్ళు కనీసం పుట్టింటి నగలు మూటగట్టుకునేవారు. రెండొందలకి ఇద్దరూ అన్నవరం దాకా వెళ్తారు. కొండెక్కాక వ్రతం టిక్కెట్టుకి ఎవర్నడుగుతారు, మా వాడినా?"

పేపరు ఇంకాస్త పైకెత్తాను.

"లేచిపోవడం కాదండీ బాబూ! లేచి పోయాలి. అట్లు! అట్లు పోయాలని రాసుకున్నాను, తొందరలో 'య' బదులు 'వ' పడింది."

అబద్ధమని నాకే తెలిసిపోయింది. అమ్మకి తెలియదా!

"అట్లు పోయడానికి రెండొందలెందుకు? పెనానికి లంచమా?"

"నూనెకి."

"మరి ఐదింటికి వచ్చే ఆయనెవరు? అట్లకాడా?"

ఉమ దగ్గర సమాధానం లేదు.

"'ఇంట్లో చెప్పకూడదు' అని కూడా ఉంది. అట్లు పోస్తే ఇంట్లోవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది? వీధివాళ్ళకి పెడతావా?"

ఈలోగా మా చిన్నది ట్యూషన్ సంచీ తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "నానమ్మా, లేచిపోవడం అంటే ఏంటి?"

"పొద్దున్నే లేచి స్కూలుకి పోవడం. నువ్వు రోజూ లేచిపోతావు. వెళ్ళు, ట్యూషన్‌కి టైమైంది."

ఈ నిర్వచనం మళ్ళీ మా మీదకే వస్తుందని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు. చిన్నది కింది వాటాకి ట్యూషన్‌కి దిగింది.

పాలు పొంగాయి. ఉమ పరిగెత్తి పొయ్యి కట్టేసి, మసిగుడ్డతో గట్టు తుడుస్తూ అటు తిరిగే చెప్పింది.

"పుష్కరఘాట్ దగ్గర ఒకాయన బండి పెడతాడు. శుక్రవారాలు మాత్రం పొట్టిక్కలు తెస్తాడుట. మా బ్రాంచిలో అటెండరు చెప్పింది. తెల్లారి ఐదింటికి వస్తే ఆరుకల్లా అయిపోతాయిట. లేచి, పోవాలి. పోయి, తినాలి. అంతే."

"పొట్టిక్కలా?"

ఆ ఒక్క మాటలో అమ్మ గొంతు మారింది. మా అమ్మది కోనసీమ. పొట్టిక్కలంటే పనసాకులతో దొన్నె కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెట్టేవి. ఆవిడ ముందు వాటిని ఎవరైనా "ఆకు ఇడ్లీ" అంటే ఆ మనిషికి ఆ పూట కాఫీ ఉండదు.

వెంటనే సర్దుకుంది. "ఆకులు ఈనెలతో కుట్టినవేనా? ఇప్పుడు టూత్‌పిక్కులు గుచ్చుతున్నారు."

"నేనింకా చూడలేదండి. చూడ్డానికే గదండి వెళ్ళేది."

"మరి ఆ మాట ఇంట్లో చెప్పడానికి ఏమైంది? బ్యాంకు దోపిడీకి కూడా ఇంత ప్లాను ఉండదు."

అప్పుడు తిరిగింది ఉమ. చేతిలో మసిగుడ్డ.

"చెప్తే ఏమవుతుందో చెప్పమంటారా? పిల్లలు మేమూ అంటారు. ఆయన కారు తీస్తానంటారు. తీసేదాకా నాలుగుసార్లు లేపాలి. పెద్దాడికి పొట్టిక్కలు పడవు, వాడికి వేరే బాక్సు. చిన్నదానికి ఘాట్ దగ్గరికి వెళ్ళగానే బాత్రూం. అందరికీ నీళ్ళ సీసాలు. మీ మందులు. పిక్నిక్ అంటారు దాన్ని. పిక్నిక్ అంటే ఏంటండీ, వంటిల్లుని నెత్తిన పెట్టుకుని ఏటిగట్టుకి మొయ్యడమే గదా!"

"నేను వస్తానన్నానా?"

"అనలేదు."

"అడిగావా?"

"లేదు."

"అడిగితే రాననేదాన్ని. అడక్కపోతే రానని ఎలా చెప్పను?"

దీనికి జవాబు బ్యాంకు పరీక్షలు రాసినవాళ్ళ దగ్గర కూడా ఉండదు. ఉమ మసిగుడ్డ పిండింది.

"అత్తయ్యగారూ, పన్నెండేళ్ళయింది నేను వేడి ఇడ్లీ తిని. అందరికీ పెట్టేసరికి నాకు మిగిలేవి అడుగువి, అవి చల్లారి బిళ్ళలయిపోతాయి. నించుని తింటాను, ఒక చేత్తో చిన్నదానికి జడ వేస్తూ."

"జడ ఒక చేత్తో వెయ్యలేరు."

"మాట వరసకన్నానండీ."

"మాట వరసకైనా నిజం చెప్పాలి."

"సరే, రెండు చేతులతో జడ వేస్తూ నోట్లో ఇడ్లీ పెట్టుకుంటాను. సరిపోయిందా? రోజూ కొవ్వూరు వెళ్ళొస్తున్నాను. గోదావరిని రోజుకి రెండుసార్లు దాటుతున్నాను. నాలుగు కిలోమీటర్ల వంతెన. ఒక్కసారైనా గోదావరిని చూశానా? ముందు ఇసుక లారీ, వెనక గేస్ లారీ. నీళ్ళున్నాయో ఎండిపోయాయో పేపర్లో చదివితే తెలుస్తోంది. ఒక్క గంట ఆ మెట్ల మీద కూర్చుని, వేడిగా రెండు తిని, ఎవరికీ ఏమీ వడ్డించకుండా వచ్చేస్తాను. అంతే!"

"గంటేనా?"

"గంటే."

"గంటకి లేచిపోవడమేంటే, అద్దె సైకిలులాగ?"

"మళ్ళీ లేచిపోవడమంటారు!"

"నేనెక్కడన్నాను, నువ్వు రాశావు." అమ్మ కాగితం దీపానికి ఎత్తి పట్టింది. "ఇదిగో చూడు. 'లేచి' క్త్వార్థం. క్త్వార్థంబైన ఇత్తుకి, అంటే 'లేచి' చివరున్న 'ఇ'లాంటి దానికి, సంధి లేదన్నాడు బాలవ్యాకరణంలో చిన్నయ సూరి. పక్కన అచ్చు ఉంటేనే అతకనివ్వలేదు ఆ మహానుభావుడు, నువ్వు హల్లుని తెచ్చి అతికించేశావు. రెండు మాటల మధ్య ఒక్క వేలెడు ఖాళీ వదిలితే నీ సొమ్మేం పోయింది?"

"ఖాళీ నాకెక్కడుందండీ వదలడానికి!"

ఉమ ఈ మాట విసుగ్గానే అంది. కానీ అమ్మ వెంటనే ఏమీ అనలేదు. చాలాసేపు అనలేదు. ఆవిడకి జవాబు ఆలస్యమైతే నాకు భయం వేస్తుంది, అందుకని పేపరు అంచు మీంచి చూశాను. అమ్మ చీటీ నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"కనీసం అబద్ధమైనా సరిగ్గా ఆడవే నువ్వు," అంది చివరికి. "అట్లట! నేనైతే స్పెషల్ క్లాసు అనేదాన్ని."

"ఏం క్లాసు?"

"శనివారం సాయంత్రం టెన్త్ వాళ్ళకి స్పెషల్ క్లాసు. మా అత్తగారు ఎన్నడూ అడగలేదు. టెన్త్ అంటే అంత భయం అప్పుడు జనానికి."

"క్లాసు లేదా?"

"గౌతమీ గ్రంథాలయంలో ఫ్యాను కింద బల్ల ఒకటుండేది. నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా వారపత్రికలు. చదివేదాన్ని, లేకపోతే ఊరికే కూర్చునేదాన్ని. ఒకసారి నిద్రపోయాను కూడా. ఎవరూ లేపలేదు. ఆ నిద్ర ఇప్పటికీ గుర్తే నాకు."

నేను పేపరు దించేశాను.

"ఏమ్మా! శనివారాలు నేను పక్కింటి మామ్మగారి అరుగు మీద కూర్చుని గోళీలు లెక్కపెట్టుకునేవాణ్ణి గదే, అమ్మ ఎంత కష్టపడుతోందో పాపం అనుకుంటూ!"

"అనుకుంటే మంచిదేగా. మామ్మగారు జంతికలు పెట్టేదిగా నీకు."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు టెన్త్ పాసయ్యేదాకా. ఆ తర్వాత ఆ సాకు చెల్లదు గదా మరి."

ఉమ నవ్వాపుకోలేక సింకు వైపు తిరిగింది. అమ్మకి ఆ నవ్వు నచ్చలేదో, బాగా నచ్చేసిందో తెలియదు కానీ వెంటనే గేరు మార్చి నా మీద పడింది.

"నువ్వేమిట్రా! పెళ్ళాం లేచిపోతోందని అరగంట నించి ఇంటి గోడలన్నీ వింటున్నాయి, నువ్వు పేపరు చదువుతావా?"

ఇక్కడ ఏదో ఒక మాట అనాలి కదా అని నోటికొచ్చింది అనేశాను.

"ఎన్నింటికన్నావు, నాలుగున్నరకా? మరి ఆరింటికి కాఫీ ఎవరు పెడతారు?"

పెళ్ళయిన పదిహేనేళ్ళలో అత్తాకోడళ్ళు ఒకే చూపు చూడటం ఆ రోజే మొదటిసారి చూశాను. ఎడమవైపు నుంచి ఒకటి, కుడివైపు నుంచి ఒకటి, రెండూ నా కనుబొమల మధ్య కలుసుకున్నాయి.

"చూశారా?" అంది ఉమ.

"నేనే కన్నానే, నాకు చెప్తావేంటి?" అంది అమ్మ.

తర్వాత మళ్ళీ వాళ్ళ గొడవ వాళ్ళు పడ్డారు. స్కూటీ ఘాట్ దగ్గర ఎక్కడ పెట్టాలి, చీకట్లో ఒక్కదానివీ వెళ్తావా, చీకటైతే ఏం, అక్కడ స్నానాలకి వచ్చే జనముంటారు, జనమున్నచోటే దొంగలుంటారు, దొంగలు నా రెండొందలకి పొద్దున్నే లేస్తారా. స్వెట్టర్ వేసుకోవాలని అమ్మ, ఏప్రిల్ నెలలో స్వెట్టరేంటండీ అని ఉమ. నది మీద గాలి వేరు అని అమ్మ. ఆ నదిని పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తోంది కాబట్టి దాని గాలి కూడా తనదే అన్నట్టు మాట్లాడుతుంది. 1974లో రోడ్డు కం రైలు వంతెన తెరిచినప్పుడు ఆవిడ కొత్తకోడలు. అందరూ వెళ్ళి చూసొచ్చారు, "నన్ను మాత్రం అట్లు పోస్తూ ఉండమన్నారు" అని ఈ యాభై ఏళ్ళలో కనీసం యాభైసార్లు విన్నాం. ఆ సాయంత్రం మాత్రం ఎత్తలేదు.

"రానన్నాను గదా, రాను," అంది ఆఖరికి. "నాకు మెట్లు దిగడం పడదు. నాలుగు పొట్టిక్కలు కట్టించుకురా. చట్నీ విడిగా. ఆకు విప్పకుండా తే, నేను విప్పుకుంటాను."

"రెండొందలు చాలతాయా అయితే?"

అమ్మ రొండిన దోపుకున్న చేతిసంచీ తీసి వంద నోటు ఇచ్చింది. "ఇది అప్పు. నగల కింద రాసుకో."

మర్నాడు, గురువారం పొద్దున్న, నేను ఆఫీసుకి బండి తీస్తుంటే కింది వాటా ఆవిడ గేటు దగ్గర ఆపారు. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"ఏవండీ, వంకాయ కూర. మరి రేపటి నుంచి భోజనం అదీ ఎలాగండి మీకు?"

"అదేంటండీ?"

"పాప చెప్పిందండి ట్యూషన్లో." ఆవిడ గొంతు తగ్గించారు. "అమ్మ శుక్రవారం లేచిపోతోందని. నానమ్మకి కూడా తెలుసునటగా. పెద్దావిడ ఎంత గుండె నిబ్బరమండీ!"

కూర తీసుకున్నాను. బాగుంది కూడా.

రాత్రి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ మీద ఉమ చీటీ అంటించి ఉంది. 'లేచిపోవాలి'ని ఎర్రసిరాతో నరికి, 'లేచి', 'పోవాలి' మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీ వదిలి తిరగరాసింది అమ్మ. మార్జిన్లో పదికి ఆరు మార్కులు. 'గంట' అని ఉమ ఎక్కడో రాసుకున్నట్టుంది, అది కొట్టేసి 'గంటన్నర' అని వేసింది.

దాని కింద ఇంకో చీటీ ఉంది. అదీ ఎర్రసిరాయే, నా పేరు మీద.

'శుక్రవారం 5.30కి నువ్వు లేచి పోయాలి. అట్లు. పిండి కింది అరలో ఉంది. 'య' జాగ్రత్తగా చదువుకో.'