ప్రొటీన్ డిజైన్‌కు గ్రూపుల గోడ

పదో తరగతి ఫలితాలు వచ్చిన పది రోజుల్లో మన ఇళ్లలో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోతుంది. లెక్కలంటే భయమైతే బైపీసీ, లేదంటే ఎంపీసీ. పదిహేనేళ్ల వయసులో, ఎక్కువసార్లు బంధువుల సలహా మీద తీసుకున్న ఆ నిర్ణయం డిగ్రీ దాటి ఎమ్మెస్సీ దాకా వెంట వస్తుంది. బయోటెక్నాలజీ పీజీ చేసే అమ్మాయి ప్రొటీన్ల గురించి బోలెడు చదువుతుంది. కొత్త ప్రొటీన్ ఒకటి రూపొందించడానికి కావలసిన లెక్కలు మాత్రం ఆమెకు పదితోనే ఆగిపోయాయి. కంప్యూటర్ సైన్స్ అబ్బాయికి లెక్కలొచ్చు, కోడింగ్ వచ్చు. ప్రొటీన్ గొలుసులో పూసల్లాంటి అమినో ఆమ్లాల పేరు విని ఏళ్లయింది. ప్రొటీన్ల లాంటి జీవ అణువుల (బయోమాలిక్యూల్స్) డిజైన్ అనే చదువు సరిగ్గా వీళ్లిద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఉంది. దాన్ని పీజీ స్థాయిలో మన విశ్వవిద్యాలయాలు ఇక మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. పాత సిలబస్‌కు కొత్త బోర్డు తగిలించే పద్ధతిలో అయితే మాత్రం వద్దు.

ఇదేమీ ఎక్కడో విదేశీ ల్యాబుల్లో జరిగే వింత కాదు. షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే కనిపిస్తుంది. ఇన్సులిన్ కూడా ప్రొటీనే. మనిషి ఇన్సులిన్‌లో 51 అమినో ఆమ్లాలుంటాయి. ఒక గొలుసు చివర పక్కపక్కనే ఉన్న రెండింటి చోట్లు అటూ ఇటూ మార్చారు. అణువులు గుంపు కట్టడం తగ్గింది, ఇంజెక్షన్ చేసిన కాసేపటికే పనిచేసే లిస్‌ప్రో ఇన్సులిన్ వచ్చింది. 1996లోనే దానికి అనుమతి దొరికింది. ఇంకోచోట ఒక అమినో ఆమ్లాన్ని మార్చి, గొలుసు కొసకు ఆర్జినిన్ అనే అమినో ఆమ్లాలు రెండు అతికిస్తే, చర్మం కింద మెల్లగా కరుగుతూ రోజంతా పనిచేసే గ్లార్జిన్ అయింది.

ఉన్న ప్రొటీన్‌ను సవరించడం ఇది. లేనిదాన్ని మొదటినుంచి గీయడం దీనికి పై మెట్టు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బేకర్ బృందం 2003లో 93 అమినో ఆమ్లాలతో ‘టాప్7’ అనే ప్రొటీన్‌ను చేసి చూపించింది. దాని గొలుసు మడతపడిన తీరు ప్రకృతిలో అప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం బేకర్‌కు దక్కింది. మిగతా సగం, ప్రొటీన్ ఆకారాన్ని ముందే చెప్పే ‘ఆల్ఫాఫోల్డ్’ ప్రోగ్రామును తయారుచేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ పంచుకున్నారు. జంపర్ మొదట చదివింది ఫిజిక్స్, లెక్కలు. హస్సాబిస్ కంప్యూటర్ గేములు రాసినవాడు. ఈ ఇద్దరూ ఆ నేపథ్యంతో మన దగ్గర బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి దరఖాస్తు చేస్తే, చాలాచోట్ల అర్హత లేదని వెనక్కి పంపేస్తారు!

అంతెందుకు, ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో లెక్కగట్టి 1963లో పటం గీసిన జి.ఎన్. రామచంద్రన్ ఎవరు? సి.వి. రామన్ దగ్గర తయారైన భౌతికశాస్త్రవేత్త. మద్రాసు విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి ఆయన గీసిన ఆ పటంతోనే ఇవాళ్టికీ ప్రపంచమంతా ప్రొటీన్ నిర్మాణాలను సరిచూసుకుంటోంది.

మనకు ఈ చదువు ఎందుకో చెప్పడానికి పాముకాటు చాలు. 2000 నుంచి 2019 దాకా దేశంలో సగటున ఏటా 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆ భారం ఎక్కువ మోస్తున్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పొలం పనులు చేసుకునే పల్లెటూరివాళ్లే. మందు ఇప్పటికీ పాత పద్ధతిలోనే తయారవుతోంది: గుర్రానికి విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తం నుంచి విరుగుడు తీస్తారు. అది కొందరికి పడదు, రియాక్షన్ వస్తుంది. నాగుపాము, కట్లపాము జాతుల విషాల్లో నరాలను దెబ్బతీసే ఒక రకం ప్రొటీన్లుంటాయి. వాటికి అతుక్కుని పనిచేయకుండా ఆపే చిన్న ప్రొటీన్లను కంప్యూటర్‌లో గీసి, ల్యాబులో తయారుచేసి, ఎలుకలను బతికించామని బేకర్ బృందమూ డెన్మార్క్ శాస్త్రవేత్తలూ 2025 జనవరిలో ప్రకటించారు. మనుషుల దాకా రావడానికి చాలా దూరం ఉంది. పైగా రక్తపింజర విషం తీరు వేరు, ఈ డిజైన్లు దానికి పనికిరావు. ఆ పని మన పిల్లలు ఎందుకు చేయకూడదు? పామూ మనదే, కాటు తినేదీ మనమే.

చేయడానికి సాఫ్ట్‌వేర్ అడ్డం కాదు. ఆల్ఫాఫోల్డ్ 2021లోనే బయటికి వచ్చింది. ఆ పద్ధతితో ఊహించిన 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు ఉచితంగా దొరుకుతున్నాయి. కొత్త ప్రొటీన్లను గీసే ‘ఆర్ఎఫ్ డిఫ్యూజన్’ లాంటి ప్రోగ్రాములూ అంతే. ఒకప్పుడు పనికొచ్చే డిజైన్ ఒకటి దొరకాలంటే వేలల్లో పరీక్షించాల్సి వచ్చేది. ఇప్పుడు కొన్ని లక్ష్యాలకు పదుల సంఖ్యలో పరీక్షిస్తే చాలుతోంది. అయితే పరీక్షించడం మాత్రం తప్పదు. తెరమీద ముచ్చటగా కనిపించిన ప్రొటీన్, దాన్ని తయారుచేయాల్సిన బ్యాక్టీరియాలో ముద్దకట్టి కూర్చోవచ్చు, అసలు తయారే కాకపోవచ్చు. ఆ ప్రొటీన్ తయారీకి సూచనలిచ్చే జన్యువును ఆర్డరిచ్చి తెప్పించుకుని, ప్రొటీన్‌ను పెంచి, శుద్ధి చేసి, అతుక్కుందో లేదో కొలిచినప్పుడే విద్యార్థికి చదువు వచ్చినట్టు. మన పీజీ విభాగాల్లో గండి ఇక్కడే ఉంది. ఒక రసాయనం కొనాలన్నా మూడు కొటేషన్లు, నాలుగు సంతకాలు కావాలి. ఫైలు కదిలేలోపు సెమిస్టర్ అయిపోతుంది. అప్పుడు ప్రాజెక్టు పేరుతో పాత రిపోర్టే కొత్త అట్టతో వస్తుంది.

పరిశ్రమ లేదని ఎవరూ అనలేరు. దేశంలోనే తొలి రీకాంబినెంట్ (జన్యువును వేరే కణంలో పెట్టి తయారుచేసే) హెపటైటిస్-బి టీకాను శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్ నుంచే తెచ్చింది. రిటక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుకు బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అలాగే పనిచేసే మందును, డాక్టర్ రెడ్డీస్ 2007లో మార్కెట్లోకి తెచ్చింది. కొవిడ్ సమయంలో బయోలాజికల్-ఇ చేసిన కోర్బెవాక్స్ ప్రొటీన్ టీకాయే. కానీ దాని మూల రూపకల్పన అమెరికాలోని టెక్సాస్‌లో జరిగింది. వేరేవాళ్లు గీసినదాన్ని తక్కువ ధరకు, నాణ్యంగా తయారుచేయడంలో మనకు సాటి లేదు. గీసేవాళ్లు మాత్రం కొద్దిమందే. మరోవైపు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పాసైన పిల్లలు అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (జబ్బులకూ చికిత్సలకూ బీమా కోడ్‌లు వేసే పని) కోచింగ్‌కు క్యూ కడుతున్నారు. ఆ ఉద్యోగం తక్కువదని మేము అనడం లేదు. రెండేళ్ల పీజీ చదువు దానికి అవసరమా అన్నదే మా ప్రశ్న.

కొత్త కోర్సులో మొదటి సెమిస్టర్ పూర్తిగా బ్రిడ్జి కోర్సుగా ఉండాలి. బైపీసీ నుంచి వచ్చినవారికి లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, పైథాన్ ప్రోగ్రామింగ్. ఎంపీసీ నుంచి వచ్చినవారికి బయోకెమిస్ట్రీ, పిపెట్ పట్టుకోవడం. ఇద్దరినీ జంటగా కూర్చోబెట్టి ఒకే ప్రాజెక్టు ఇవ్వాలి. డిజైన్ విఫలమైతే మార్కులు కోయకూడదు. ఎందుకు విఫలమైందో చెప్పగలిగితే వేయాలి. విషపదార్థాలనూ ఇదే విద్యతో గీయవచ్చు కాబట్టి జీవభద్రత పాఠం ఐచ్ఛికంగా వదిలేయకూడదు. ఈ రంగంలోని శాస్త్రవేత్తలే 2024లో కొన్ని కట్టుబాట్లు రాసుకుని సంతకాలు చేశారు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీకి 2025-26 నుంచి వీలు కల్పించింది. మంచి పని. ఆ పిల్లలు పీజీకి వచ్చేసరికి చేరదగ్గ కోర్సు ఒకటి ఉండాలి కదా. తెలంగాణ కూడా ఈ దిశగా ఆలోచించాలి.

డబ్బు మాటకొస్తే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 విధానంలో ఎంజైములు, స్మార్ట్ ప్రొటీన్లు (మాంసం లాంటివాటికి బదులు వాడే ప్రొటీన్లు), బయోథెరప్యూటిక్స్ (జీవ పదార్థాలతో చేసే మందులు) ప్రాధాన్య రంగాలుగా ఉన్నాయి. పీజీ కోర్సుకు ఆ పద్దు కింద నిధులు అడగడానికి రెండు రాష్ట్రాలకూ అవకాశం ఉంది. అన్నీ కొత్తగా కట్టాల్సిన పనీ లేదు. ఉస్మానియా, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ మూడూ తార్నాక చుట్టుపక్కలే ఉన్నాయి. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయమూ ట్రిపుల్ ఐటీ ఇరుగుపొరుగులు. ఒకచోట ల్యాబు, ఇంకోచోట భారీ లెక్కలు చేసే జీపీయూ చిప్‌లు ఉన్నప్పుడు ఉమ్మడి డిగ్రీకి కావలసింది ఒక ఒప్పందమే. తొలి బ్యాచ్‌కు పాతిక ముప్పై మంది చాలు. జన్యువుల కొనుగోలుకు ఏడాదికి సరిపడా నిధిని సంతకాల గొలుసు లేకుండా విభాగాధిపతి చేతికే ఇవ్వాలి. వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌లోనే ఏ గ్రూపు డిగ్రీ వారైనా దరఖాస్తు చేసుకోవచ్చన్న వాక్యం ఉండాలి.